డివిజన్ రాజకీయం, కార్పొరేషన్ ఎన్నికలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో 2014 నుంచి 2019 దాకా ఒక డివిజన్‌కు కార్పొరేటర్‌గా ఉన్నాను. పదవి దిగి ఏళ్లు గడిచినా పొద్దున్నే గేటు తీసిన చప్పుడు మాత్రం ఆగలేదు. వచ్చేవాళ్లు అడిగేవి దాదాపు అవే సందేహాలు. ఓటు గురించి పోలింగ్ రోజున అడుగుతారు, కాలువ గురించి వాన పడ్డాక అడుగుతారు. రెండూ అప్పటికి ఆలస్యమే. అందుకే ఏ దశలో ఏది అడగాలో ఆ వరుసలో రాశాను. మా చెల్లెలు గుంటూరులో ఉంటుంది కాబట్టి అక్కడి సంగతులు కూడా కలిశాయి.

## ఎన్నికల మాట వినపడక ముందే

కౌన్సిలర్, కార్పొరేటర్ ఒకటేనా?

పని ఒకటే, ఊరి స్థాయి వేరు. తెనాలి, గుడివాడ లాంటి మున్సిపాలిటీల్లో వార్డు నుంచి గెలిస్తే కౌన్సిలర్. విజయవాడ, గుంటూరు లాంటి నగరపాలక సంస్థల్లో డివిజన్ నుంచి గెలిస్తే కార్పొరేటర్. 2021 ఎన్నికల నాటికి విజయవాడలో 64, గుంటూరులో 57 డివిజన్లు. నేను గెలిచినప్పుడు విజయవాడలో 59 ఉండేవి.

ఎమ్మెల్యే ఉన్నారుగా, మళ్లీ కార్పొరేటర్ ఎందుకమ్మా?

విజయవాడ నగరం మొత్తానికి ఎమ్మెల్యేలు ముగ్గురు: పశ్చిమ, సెంట్రల్, తూర్పు. పది లక్షలు దాటిన జనాభాకు ముగ్గురు. అదే 64 డివిజన్లకు పంచితే ఒక్కో కార్పొరేటర్‌కు సుమారు పదహారు వేల మంది. మీ వీధి చివర మ్యాన్‌హోల్ మూత పోయి పిల్లాడి కాలు పడిందంటే, ఆ చోటు చెప్పగానే కళ్ల ముందు మెదిలే మనిషి ఒకరు ఉండాలి. ఎమ్మెల్యే చట్టాలు చేసే సభలో కూర్చుంటారు. నీళ్లు, కాలువలు, వీధి దీపాలు, చెత్త, శ్మశానం మాట్లాడే సభ కౌన్సిల్. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఈ సభకు గుర్తింపునిచ్చింది. ఎవరి దయతోనో నడిచే కమిటీ కాదు ఇది.

ఐదేళ్లకోసారి పెట్టాల్సిన ఎన్నికలు ఎందుకు ఆగిపోతుంటాయి?

రాజ్యాంగం 243యు అధికరణం ప్రకారం పాలకవర్గం కాలపరిమితి ఐదేళ్లు, అది ముగిసేలోపే కొత్త ఎన్నిక జరిగిపోవాలి. జరిగేది వేరు. గుంటూరునే చూడండి. 2010లో పాలకవర్గం గడువు ముగిసింది. 2012లో చుట్టుపక్కల పది గ్రామాలు విలీనమయ్యాయి. డివిజన్ల విభజన, కోర్టు కేసులు అంటూ ఏళ్లు దొర్లాయి. మళ్లీ ఓటు వేసింది 2021 మార్చి 10న. పదేళ్లకు పైగా ఒక పెద్ద నగరానికి ఎన్నుకున్న కౌన్సిల్ లేదు! 2010లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల పదో తరగతి దాటేసింది. మా చెల్లెలి వీధిలో ఆ కాలంలో పెళ్లయి వచ్చిన కోడళ్లకు కార్పొరేటర్ అనే మనిషి ఉంటారనే తెలియదు.

విజయవాడలో మా గడువు 2019 జులైలో ముగిసింది. అప్పటి నుంచి 2021 మార్చి దాకా ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారి పాలనే. మధ్యలో 2020 మార్చిలో నామినేషన్లు కూడా వేశారు, కరోనా వల్ల ఎన్నికల సంఘం వాయిదా వేసింది, ఏడాది తర్వాత ఆగినచోటు నుంచే మొదలుపెట్టారు. కరోనాను ఎవరూ ఆపలేరు. కానీ డివిజన్ల విభజన, రిజర్వేషన్ల లెక్క సకాలంలో పూర్తిచేయడం చేతిలో పనే. ఆ లెక్కలు తేలకపోవడంతోనే ఎన్నికలు ఎక్కువగా ఆగుతాయి. అధికారంలో ఎవరున్నా సరే, గడువుకు ఏడాది ముందే గట్టిగా అడగాల్సింది దీన్నే.

మా ఇంట్లో రెండు ఓట్లు ఒక డివిజన్‌లో, రెండు పక్క డివిజన్‌లో పడ్డాయి. ఏం చేయాలి?

కార్పొరేషన్ జాబితాకు ఆధారం అసెంబ్లీ ఓటర్ల జాబితాయే. దాన్ని డివిజన్ల వారీగా విడదీసేటప్పుడు హద్దు వీధుల్లో ఇలా అవుతుంది. ముసాయిదా జాబితా పెట్టగానే వెళ్లి చూసి, ఇంటి నంబరు రుజువుతో అభ్యంతరం రాసివ్వండి. ఇల్లు మారినా, వివరాలు తప్పున్నా అసెంబ్లీ జాబితాలో ఫారం 8, కొత్త ఓటుకు ఫారం 6. ఇదంతా ప్రకటన రాకముందు పని. పోలింగ్ రోజున నా దగ్గరకు వచ్చి ఏడ్చినవాళ్లకు నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

రిజర్వేషన్ మారితే పనిచేసినవాళ్లకు అన్యాయం కాదా?

బాధ ఉంటుంది, నాకూ కలిగింది. అయినా రిజర్వేషన్ లేకపోతే ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాల నుంచి, ఆడవాళ్ల నుంచి ఇంతమంది ఆ సభకు వచ్చేవాళ్లు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో సగం సీట్లు మహిళలవి. నేను గెలిచిందీ అలాంటి సీటులోనే.

## నామినేషన్లు, ప్రచారం

నేనూ నిలబడొచ్చా? పార్టీ టికెట్ లేకపోతే కుదరదా?

ఓటుకు 18 ఏళ్లు, పోటీకి 21. కార్పొరేషన్ జాబితాలో మీకు ఓటుండాలి. మిమ్మల్ని ప్రతిపాదించే మనిషి మీరు పోటీ చేసే డివిజన్ ఓటరై ఉండాలి. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు, ఇక్కడ ఉంటాయి. పార్టీ తరఫున పోటీ చేయాలంటే బి ఫారం, అంటే మీరే తమ అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం కావాలి, అది ఉపసంహరణ గడువులోగా అందాలి. అది లేకపోతే స్వతంత్ర అభ్యర్థే, ఎన్నికల సంఘం జాబితాలోని గుర్తు ఇస్తారు.

ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పోటీకి అనర్హులన్న నిబంధన ఆంధ్రప్రదేశ్‌లో 2024లో రద్దయింది. ఇది చాలామందికి ఇంకా తెలియదు.

ఆడవాళ్ల సీటు అన్నా, తిరిగేది భర్తే కదక్కా?

ఈ మాట నా ముఖం మీదే అన్నారు. మొదటి ఆరు నెలలు అధికారులు కూడా ఫోన్ మా ఆయనకే చేసేవాళ్లు. ఒకరోజు ఒక ఇంజినీరు మా ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని, నన్ను టీ అడిగి, కల్వర్టు సంగతి ఆయనతో మొదలుపెట్టాడు. ఆయన లేచి వెళ్లిపోయి నన్ను కూర్చోమన్నారు. ఆ ఒక్క పనికి మా ఆయనకు ఈ రోజుకీ కృతజ్ఞత ఉంది.

భర్త పెత్తనం అబద్ధం కాదు, చాలా డివిజన్లలో ఉంది. అది పోవాలంటే ఓటర్లు చేయగలిగింది ఒకటుంది. ప్రచారానికి వచ్చినప్పుడు ఆమెనే మాట్లాడమనండి. గెలిచాక కాగితం ఆమె చేతికే ఇవ్వండి, ఆమె ఫోన్ నంబరే అడిగి తీసుకోండి. ఎజెండా చదవడం ఎవరికీ పుట్టుకతో రాదు. నాకు నాలుగు సమావేశాలు పట్టింది. మగవాళ్లకూ అంతే పడుతుంది, వాళ్లను ఎవరూ అడగరు కాబట్టి బయటపడదు.

ఏకగ్రీవం అయితే గొడవలుండవు, మంచిదే కదా?

నిజంగా అందరూ కూర్చుని ఒప్పుకుంటే మంచిదే. కానీ నామినేషన్ వేయాలనుకున్న మనిషి భయపడి ఇంట్లో ఉండిపోతే అది ఏకగ్రీవం కాదు. 2021లో అప్పటి గుంటూరు జిల్లాలోని మాచర్ల, పిడుగురాళ్ల మున్సిపాలిటీల్లో అన్ని వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. అంటే ఆ ఊళ్లలో ఒక్క ఓటరు కూడా బూత్‌కు వెళ్లే అవసరం రాలేదు. పోటీ ఉంటేనే అభ్యర్థి మీ గుమ్మం ఎక్కుతాడు, మీ కాలువ చూస్తాడు. పోటీ లేనిచోట ఆ ఒక్కరోజు కూడా రాడు.

డబ్బు తీసుకుని, మనకు నచ్చినవాళ్లకే ఓటేస్తే తప్పేముంది?

చట్టప్రకారం ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా నేరమే. కేసులు అరుదు కాబట్టి ఆ మాట ఎవరినీ భయపెట్టదు, నాకు తెలుసు. నేను చెప్పేది వేరే.

గెలిచిన రెండో ఏడు మా డివిజన్‌లో ఒక సందులో కుళాయి నీళ్లు పచ్చగా వచ్చాయి. పైపు మురుగు కాలువలోంచి వెళ్తోంది, ఎక్కడో చిల్లు పడింది. ఆ సందు ఆడవాళ్లతో, అందరం కలిసి కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్దాం, నలభై మంది కనిపిస్తే పని వెంటనే కదులుతుంది అన్నాను. ముగ్గురే వచ్చారు. ఎందుకని తర్వాత ఒక పెద్దావిడను అడిగాను. 'ఏ ముఖం పెట్టుకుని వస్తామమ్మా, అందరి దగ్గరా తీసుకున్నాంగా' అంది. నేను పంచలేదు, అయినా అందరిదీ ఒకటే లెక్క అయిపోయింది. ఓటుకు ఇచ్చిన నోటు వారానికి ఖర్చయిపోతుంది, అడగడానికి మొహమాటం మాత్రం ఐదేళ్లుంటుంది. అభ్యర్థికి కూడా మీ దగ్గర బాకీ తీరిపోయినట్టే ఉంటుంది, ఖర్చు రాబట్టుకోవడం మీదే ధ్యాస ఉంటుంది. కలుషిత నీరు చిన్న సంగతి కాదు. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీ వైపు అతిసారం ప్రబలి మనుషులు చనిపోయారు. తాగునీటిలో మురుగు కలవడమే దానికి కారణం.

మా కులం మనిషికి వేసుకుంటే తప్పా?

కులం చూసి నమ్మకం కలగడం మన దగ్గర ఉన్నదే, లేదని నేను అనను. విజయవాడ, గుంటూరు రాజకీయం అంతా ఆ లెక్కల మీదే మాట్లాడతారు. కానీ డివిజన్‌లో ఏ కులానికీ సొంతంగా గెలిచేన్ని ఓట్లు ఉండవు, గెలిచిన మనిషి అందరి దగ్గరకూ వెళ్లక తప్పదు. మీ కులం అభ్యర్థి గత ఐదేళ్లలో మీ వీధి దాటి పక్క పేటలోకి ఎన్నిసార్లు వెళ్లాడో కనుక్కోండి. వెళ్లని మనిషి రేపు మీ వీధికి కూడా రాడు.

ప్రచారానికి వచ్చినప్పుడు ఏం అడగాలి?

'మాకేం చేస్తావ్' అని అడిగితే 'అన్నీ చేస్తా' అంటారు. మన డివిజన్ మురుగు ఎక్కడికి పోతుందో చెప్పమనండి. వాన నీరు ఏ పెద్ద డ్రెయిన్‌లో కలుస్తుంది, నీళ్లు ఏ రిజర్వాయర్ నుంచి వస్తాయి, శానిటరీ ఇన్‌స్పెక్టర్ పేరేంటి అని అడగండి. పోటీ చేసే మనిషికి ఈ నాలుగూ తెలియకపోతే డివిజన్ తెలియనట్టే.

## పోలింగ్ రోజు

ఈవీఎంలా, బ్యాలెట్ పేపరా?

2014లో మాకు ఈవీఎంలు. 2021లో బ్యాలెట్ పేపర్లు, పెట్టెలు. ఏ పద్ధతో ఎన్నికల సంఘం ముందే చెబుతుంది. పేపరైతే ముద్ర ఒకే గుర్తు గడిలో పడాలి, గీత మీద పడకూడదు. మడిచేటప్పుడు సిరా ఇంకో గుర్తు మీద అంటకుండా నిలువుగా మడవండి. వేలిముద్ర, సంతకం పడితే చెల్లదు. కొద్ది ఓట్ల తేడాతో తేలే డివిజన్లలో ఆ తేడా కంటే చెల్లని ఓట్లే ఎక్కువ ఉండొచ్చు.

నేను వెళ్లేసరికి నా ఓటు ఎవరో వేసేశారు. తిరిగి వచ్చేయాలా?

రావద్దు. గుర్తింపు కార్డు చూపించి ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగండి. అది విడిగా కవరులో ఉంచుతారు, మామూలు లెక్కింపులో కలపరు. కానీ దొంగ ఓటు పడిందనడానికి అధికారిక రుజువు అదే.

నోటా ఉంటుందా?

ఉంటుంది. నోటాకు ఎన్ని వచ్చినా, మిగిలినవాళ్లలో ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థే గెలుస్తారు.

మేయర్‌ని మనమే నేరుగా ఎందుకు ఎన్నుకోకూడదు?

ఒకప్పుడు అలాగే ఎన్నుకున్నాం. 2000లో పంచుమర్తి అనురాధ ప్రజల ఓటుతో నేరుగా విజయవాడ మేయర్ అయ్యారు. ఇప్పుడు కార్పొరేటర్లు ఎన్నుకుంటారు, ఎక్స్ అఫీషియో సభ్యులుగా, అంటే తమ పదవి వల్లే సభ్యులైన ఎమ్మెల్యేలు, ఎంపీలకూ ఓటుంటుంది. మేయర్‌గా ఎవరిని ఎన్నుకోవాలో ఆ పేరు పార్టీ నుంచి సీల్డ్ కవరులో వస్తుంది, అప్పటిదాకా మాకే తెలియదు. నేరుగా ఎన్నుకోవడమే మేలని నా గట్టి నమ్మకం. నగరం మొత్తం తిరిగి ఓటడిగిన మనిషికి నగరం మొత్తం తెలుస్తుంది.

## గెలిచాక

కార్పొరేటర్ చేతిలో అసలు అధికారం ఎంత?

ఒంటరిగా చూస్తే చాలా తక్కువ. ఉద్యోగిని బదిలీ చేయలేరు, బిల్లు మంజూరు చేయలేరు. కార్యనిర్వహణ అంతా కమిషనర్‌ది. కార్పొరేటర్‌కు ఉన్నవి మూడే: కౌన్సిల్‌లో ప్రశ్న, ఎజెండా అంశం మీద ఓటు, అధికారుల గది తలుపు తోసుకుని వెళ్లే హక్కు. ఇవి చిన్నవేమీ కాదు. ప్రశ్న రాతపూర్వకంగా ఇస్తే జవాబూ రాతపూర్వకంగా రావాలి. ఆ జవాబులో తేదీ ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఆ తేదీ పట్టుకునే నేను ఒక పార్కు గోడ కట్టించగలిగాను.

పని శాంక్షన్ అయిందని కొబ్బరికాయ కొట్టారు. ఏడాదైంది, కంకర కూడా పడలేదేం?

ఇదే నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న. ముందు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి కొలతలు తీసి అంచనా వేస్తారు. స్టాండింగ్ కమిటీ లేదా కౌన్సిల్ ఆమోదం, తర్వాత టెండరు, ఒప్పందం, వర్క్ ఆర్డరు. అప్పుడు పని. చేసిన పని ఎం బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో ఎక్కాలి, ఆ తర్వాత బిల్లు. ఎక్కువగా ఆగేది టెండరు దగ్గరే. పాత పనుల బిల్లులు రాకపోతే కాంట్రాక్టర్లు కొత్త టెండరు వేయరు. ఒకే పనికి నాలుగుసార్లు టెండరు పిలిచినా ఒక్కరూ రాని సందర్భం నా డివిజన్‌లోనే ఉంది. అందుకని 'రోడ్డు ఎప్పుడు' అని కాక, 'వర్క్ ఆర్డరు అయిందా, నంబరు చెప్పండి' అని అడగండి. నంబరు లేదంటే కొబ్బరికాయ మాత్రమే కొట్టారని అర్థం.

ఇంటి పన్ను పెరుగుతుంటే మీరంతా ఏం చేస్తున్నారు?

2021-22 నుంచి అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేసే పద్ధతి వచ్చింది. అది రాష్ట్ర చట్టంతో వచ్చిన మార్పు, దాన్ని రద్దు చేసే అధికారం కౌన్సిల్‌కు లేదు. చట్టం ఇచ్చిన హద్దుల్లోనే రేటు నిర్ణయించగలదు. ఏడాదికి పెంపు 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. మీ నోటీసులో కొలతలు, అంతస్తులు, వాడకం సరిగ్గా ఉన్నాయో చూడండి. నివాసాన్ని వ్యాపారమని రాసిన నోటీసులు నేను చాలా సరిచేయించాను. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం రాయితీ, ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ.

వార్డు సచివాలయం వచ్చాక కార్పొరేటర్‌తో పనేముంది?

సర్టిఫికెట్లు, పింఛన్ల దరఖాస్తులకు సచివాలయమే దారి. అది మంచి మార్పు, ఆ కాగితాల కోసం నా గేటు దగ్గర పడిగాపులు తప్పాయి. కానీ సచివాలయం ఉద్యోగి పై అధికారికి జవాబుదారీ. మీకు జవాబుదారీ అయిన మనిషిని పంపేది మీ ఓటే.

ప్రతిపక్షం వాళ్లను గెలిపిస్తే పనులు కావంటగా?

నిధుల్లో వివక్ష ఉంటుంది, నేను కళ్లారా చూశాను. కానీ 2021లో విజయవాడలో 64కు 49 స్థానాలు ఒకే పార్టీకి వచ్చినప్పుడు, తెలుగుదేశానికి 14, సీపీఎంకు ఒకటి వచ్చాయి. ఆ పదిహేను మందీ లేకపోతే ఎజెండాలోని అంశాలు చదవకుండానే ఆమోదమయ్యేవి. మంచినీళ్లు, చెత్త, వీధి దీపం లాంటి రోజువారీ పనులు ఏ పార్టీ డివిజన్‌కైనా ఆపే హక్కు ఎవరికీ లేదు. ఆపితే రాతపూర్వకంగా అడగండి.

గెలిచి పార్టీ మారితే పదవి పోదా? మాకు నచ్చకపోతే దించేయొచ్చా?

రాజ్యాంగంలోని ఫిరాయింపుల షెడ్యూలు ఎంపీలు, ఎమ్మెల్యేలకే. కార్పొరేటర్లకు మున్సిపల్ చట్టంలో ఉన్న నిబంధన వేరు: మేయర్, డిప్యూటీ మేయర్ ఎన్నిక లాంటి సందర్భాల్లో పార్టీ విప్‌ను, అంటే ఎవరికి ఓటేయాలో పార్టీ ఇచ్చిన ఆదేశాన్ని ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. కండువా మార్చుకున్నంత మాత్రాన పోదు. ఓటర్లు మధ్యలో వెనక్కి పిలిచే హక్కు మన చట్టంలో లేదు. ఉండాలని నేను కోరుకుంటాను.

## వరద, ఆ తర్వాత

బుడమేరు ముంచినప్పుడు కార్పొరేటర్లు ఎక్కడున్నారు?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు కట్ట తెగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. చాలామంది కార్పొరేటర్ల ఇళ్లే నీళ్లలో ఉన్నాయి. కొందరు పడవల్లో పాలు, నీళ్లు పంచారు, కొందరు కనిపించలేదు. కనిపించనివాళ్ల మీద కోపం న్యాయమే.

నాకు పదవి లేదు, మేడ మీద చిక్కుకున్నాను. నా దగ్గర ఉన్నది పాత డైరీ ఒకటే. ఏ ఇంట్లో మంచాన పడిన ముసలివాళ్లున్నారు, ఎవరికి డయాలసిస్, ఎక్కడ నిండు గర్భిణి అని వీధుల వారీగా రాసుకున్నది. ఆ వివరాలు ఫోన్‌లో చదివి వినిపిస్తే పడవల వాళ్లు ముందు ఆ ఇళ్లకే వెళ్లారు. ప్రతి కార్పొరేటర్ దగ్గరా అలాంటి డైరీ ఉండాలి. లేకపోతే మీ వీధి వాళ్లే ఒకటి రాసి ఇవ్వండి.

పరిహారం జాబితాలో మా పేరు రాలేదు. ఎందుకని?

ఆ వరదకు ముంపులో ఉన్న కింది అంతస్తు ఇళ్లకు 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు ప్రకటించారు. గణనకు వచ్చిన రోజు ఇంటికి తాళం ఉన్నవాళ్లు, అద్దె ఇంట్లో ఉంటూ ఆధార్ వేరే ఊరి చిరునామాతో ఉన్నవాళ్లు ఎక్కువగా తప్పిపోయారు. అద్దెకున్నా సరే కరెంటు బిల్లు, గ్యాస్ పుస్తకం, అద్దె రసీదు ఒక ప్లాస్టిక్ సంచిలో ఎత్తులో పెట్టుకోండి. నీటి గుర్తు గోడ మీద ఉండగానే తేదీ పడేలా ఫొటో తీయండి.

కౌన్సిల్ లేని రోజుల్లో ఎవరిని అడగాలి?

ప్రత్యేకాధికారి, కమిషనర్. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. కదలకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబు రావాలి. పదిమంది సంతకాలతో వెళ్తే మంచిది. కొత్త కౌన్సిల్ వచ్చిన మొదటి వారంలోనే ఆ అర్జీల కట్ట కార్పొరేటర్ చేతిలో పెట్టండి. మా వీధిలో రిటైరైన ఒక మాస్టారు 2019 నుంచి 2021 దాకా తాను ఇచ్చిన అర్జీలన్నీ తేదీల వారీగా కుట్టి ఉంచారు. కొత్త కార్పొరేటర్ అడిగిన మొదటి ప్రశ్నలు ఆ కట్టలోవే.